ముందు స్విచ్చి, తర్వాతే టేబుల్

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. 1300 వాట్ల ప్లంజ్ రౌటర్ కొన్నారు, అంటే కోసే బిట్టును గిర్రున తిప్పుతూ చెక్కలోకి దించి గాళ్ళు, అంచులు తీసే మెషిను. మేడమీద రేకుల గది ఒకటుంది, పదడుగులకు ఎనిమిదడుగులు. వంటింటి షట్టర్లకు టేకు ఫ్రేములు, పూజామందిరానికి బీడింగులు చేసుకోవాలి. చేత్తో పట్టుకుని సన్నపట్టెల మీద రౌటర్ నడపడం భయంగా ఉంది, అందుకని టేబుల్ కావాలి. రెడీమేడ్ కొనాలా, చేసుకోవాలా? బిట్టును ఎత్తే లిఫ్టు తప్పనిసరా? మెషిను బిగించే ప్లేటు దేనిది? మామూలు ప్లగ్గు చాలుతుందా?

సన్నపట్టె మీద రౌటర్ నడపడానికి భయపడ్డారు చూశారా, ఆ భయం సరైనదే. రెండంగుళాల వెడల్పు పట్టె మీద అంత మెషిను నిలవదు, ఒరుగుతుంది. మెషిన్ని తిరగేసి కదలకుండా బిగించి, పట్టెనే కదిలిస్తే ఆ గొడవ ఉండదు. రౌటర్ టేబుల్ అంటే అంతే. చదునైన బల్ల, మధ్యలో బెజ్జం, కింద వేలాడే మెషిను, పట్టె ఆనుకోవడానికి ఒక గోడ, దాన్నే ఫెన్సు అంటారు. మిగతావన్నీ అమ్మేవాళ్ళు కలిపినవి.

నేను వృత్తికి ఫిట్టర్ని, వడ్రంగం మా తాతగారి వైపు నుంచి వచ్చిన పిచ్చి. విజయవాడలో కారు షెడ్డులో పదకొండేళ్ళుగా చేసుకుంటున్నాను. ఇప్పుడున్నది మూడో టేబుల్. మొదటిది ఎందుకు పాడయిందో చెబితే మీకు సగం జవాబు దొరుకుతుంది. కానీ దానికంటే ముందు స్విచ్చి సంగతి చెప్పాలి. దీన్ని అందరూ చివర్లో పెట్టుకుంటారు, నేనూ అలాగే పెట్టుకున్నాను.

చేత్తో పట్టుకున్నప్పుడు రౌటర్ స్విచ్చి వేలికింద ఉంటుంది. టేబుల్ కింద బిగించాక దాన్ని ఆన్‌లో లాక్ చేసి వదిలేస్తాం, గోడ ప్లగ్గు దగ్గర వేసి ఆపుతుంటాం. ఒక వేసవి మధ్యాహ్నం గాడి కొడుతుండగా కరెంటు పోయింది. గోడ స్విచ్చి ఆపాలని తట్టలేదు, ఎలాగూ లేదు కదా అని పట్టెను బల్లమీదే వదిలి మంచినీళ్ళకు వెళ్ళాను. తిరిగొచ్చి పట్టె తీద్దామని చెయ్యి చాపుతున్నాను, కరెంటు వచ్చింది. బిట్టు నిండు వేగంతో లేచింది. పట్టె నా చేతిలోకి రాలేదు, షెడ్డు తలుపుకు తగిలి రెండు ముక్కలైంది. అరచేతి దూరంలో తప్పింది. కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో తెలియని చోట, ఆన్‌లో లాకైన రౌటర్ బల్లకింద వేలాడదీయడం ఎంత తెలివితక్కువో ఆ రోజు తెలిసింది.

దీనికి విదేశాల్లో నో-వోల్ట్ స్విచ్చి అని ప్రత్యేకంగా అమ్ముతారు. మనకు అంత దూరం పోనక్కర్లేదు. మోటార్లకు వాడే పచ్చబటను, ఎర్రబటను స్టార్టర్ ఉంది కదా, డి.ఓ.ఎల్. (డైరెక్ట్ ఆన్ లైన్) స్టార్టర్, దాని పనే అది. లోపలి కాయిల్‌కు కరెంటు ఆగగానే కాంటాక్టులు విడిపోతాయి. కరెంటు తిరిగి వచ్చినా పచ్చబటను నొక్కితే తప్ప కలవవు. సింగిల్ ఫేజు, 230–240 వోల్టుల కాయిల్ అని గట్టిగా అడిగి తీసుకోండి. పొలం మోటార్ల షాపులో మూడు ఫేజుల స్టార్టరు ఇచ్చేస్తారు, దాని కాయిల్ తరచూ 415 వోల్టులది, మీ ఇంట్లో అది పట్టుకోదు. బోరుమోటారు ప్యానెల్‌బోర్డు కూడా వద్దు, అందులో కెపాసిటర్లు ఉంటాయి, అవి రౌటర్‌కు సంబంధం లేనివి. ముఖ్యంగా, కరెంటు రాగానే దానంతటదే మోటారు వేసే ఆటో స్టార్టర్ పొలంలో వరమేమో గానీ ఇక్కడ సరిగ్గా మనం తప్పించుకోవాలనుకున్నదే. ఓవర్‌లోడ్ రిలే (కరెంటు మితిమీరితే ఆపేది) మీ మెషిను ఆంపియర్లకు సరిపడాలి. 1300 వాట్లను 230తో భాగిస్తే 5.65, ఆ అంకె పడే రేంజి అడగండి. వైరింగు ఎలక్ట్రీషియన్ చేత చేయించండి.

కొత్త రౌటర్లలో కొన్నిటికి ఈ రక్షణ లోపలే ఉంటుంది. పరీక్ష సులువు. బిట్టు తీసేసి, మెషిన్ని గట్టిగా పట్టుకుని, ఆన్‌లో లాక్ చేసి, గోడ స్విచ్చి ఆపి మళ్ళీ వేయండి. తిరిగితే మీకు స్టార్టర్ కావాలి. తిరగకపోతే స్టార్టర్ పెట్టినా పనిచేయదు, ఎందుకంటే పచ్చబటను నొక్కినా అది కరెంటు పోయి వచ్చినట్టే అనుకుంటుంది. అలాంటి మెషినుకు దాని స్విచ్చే చేతికందేలా బల్ల ముందువైపు తెరిచి ఉంచడం ఒక్కటే మార్గం.

స్టార్టర్‌ను బల్ల ముందు ఎడమకాలికి బిగించండి. దాని ముందు అరచెయ్యంత పలకను పైన మడతబందుతో వేలాడదీసి, పచ్చబటను దగ్గర వేలు దూరేంత రంధ్రం చేయండి, ఎర్రబటను దగ్గర పలక వెనక చిన్న ముక్క అంటించండి. మోకాలితో పలకను తోస్తే మెషిను ఆగుతుంది. రెండు చేతులూ పట్టెమీద ఉన్నప్పుడు మోకాలే మూడో చెయ్యి.

ప్లగ్గు గురించి. రౌటర్ ఒక్కటైతే ఆరు ఆంపియర్ల ప్లగ్గుకు అంచున ఉంటుంది. పొట్టు లాగే వాక్యూమ్ కూడా వేస్తే ఇద్దరూ కలిసి పది దాటుతారు. గీజరుకు వేసినట్టు పదహారు ఆంపియర్ల లైను మేడమీదికి వేయించుకోండి. మీ బావగారు అమెరికా నుంచి రౌటర్ తెస్తానన్నారని కూడా రాశారు. అది 120 వోల్టులది. వద్దనను, కానీ దానికి కనీసం 2000 వీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అది పది పన్నెండు కిలోల ఇనుపముద్ద. పైగా అక్కడి కొల్లెట్లు, అంటే బిట్టు కాడను పట్టుకునే బిగింపులు, పావంగుళం, అరంగుళం. ఇక్కడ హార్డ్‌వేర్ షాపులో దొరికే బిట్లలో 6, 8, 12 మి.మీ.లు కలిసిపోయి ఉంటాయి.

ఈ కొలతల దగ్గర ఆగాలి, ఎందుకంటే నా రెండో గుణపాఠం ఇక్కడే. పావంగుళం అంటే 6.35 మి.మీ. అరంగుళం అంటే 12.7. షాపులో రెండింటినీ "ఆరు, పన్నెండు" అనే అంటారు. పావంగుళం కొల్లెట్‌లో ఆరు మి.మీ. బిట్టు పెట్టి బిగిస్తే పట్టుకున్నట్టే ఉంటుంది. నేను అలాగే బిగించి, ఆరు మి.మీ. లోతు గాడి మొదలుపెట్టి, నాలుగడుగుల పట్టె చివరికి వచ్చేసరికి లోతు తొమ్మిది అయింది. బిట్టు కొంచెం కొంచెంగా కొల్లెట్‌లోంచి పైకి పాకింది. టేబుల్ మీద కోత కిందివైపు జరుగుతుంది, మనకు కనిపించదు. పట్టె తిప్పి చూస్తే తప్ప తెలియలేదు. ఇంకో రెండడుగులు పోయుంటే బిట్టు ఊడి గదిలో తిరిగేది. మందం కొలిచే వెర్నియర్ ఒకటి కొనండి. కొత్త బిట్టు షాంకును (కాడను) కొలవకుండా మెషినులో పెట్టొద్దు. షాంకు మీద కనీసం ముప్పావు వంతు కొల్లెట్ లోపల ఉండాలి. అడుగుకంటా దించి, మళ్ళీ రెండు మూడు మి.మీ. పైకి లాగి అప్పుడు బిగించాలి. అడుక్కి ఆనించి బిగిస్తే కొల్లెట్ బిగిసేటప్పుడు బిట్టును పూర్తిగా పట్టుకోలేదు.

ఇక బల్ల.

నా మొదటి టేబుల్ పన్నెండు మి.మీ. ప్లైవుడ్. చూడ్డానికి బాగుండేది. రెండు వానాకాలాలు గడిచాక స్టీలు స్కేలు నిలువుగా పెట్టి చూస్తే మధ్యలో ఒకటిన్నర మి.మీ. కడుపు దిగింది. ఐదారు కిలోల మెషిను రాత్రింబవళ్ళు వేలాడుతుంటే దిగక ఏం చేస్తుంది? కడుపు దిగిన బల్లమీద ఏ కోతా సరిగ్గా రాదు. పట్టె చివర్లు బల్లకు ఆనుతాయి, మధ్యభాగం బిట్టుకు దూరంగా లేస్తుంది. గాడి రెండు చివర్లా ఒక లోతు, మధ్యలో ఒక లోతు. మీరు బిట్టునీ ఫెన్సునీ తిట్టుకుంటూ ఉంటారు, తప్పు బల్లది. కొంచెం మధ్యలో ఉబ్బి ఉన్నా ఫరవాలేదు గానీ కడుపు దిగకూడదు.

అందుకని పద్దెనిమిది మి.మీ. ప్లై రెండు పలకలు ఫెవికాల్‌తో అతికించి ముప్పై ఆరు చేయండి. నీటికి తట్టుకునే బి.డబ్ల్యూ.పి. గ్రేడు, అంటే మీద ఐ.ఎస్. 710 అని ముద్ర ఉన్నది తీసుకోండి, మేడమీద రేకుల గదిలో తేమా ఎండా రెండూ ఉంటాయి కాబట్టి. చెక్కనారను జిగురుతో అదిమి చేసే ఎం.డి.ఎఫ్. చదునుగా ఉంటుంది నిజమే, కానీ బరువుకు మెల్లగా వంగుతుంది, అంచుకు నీళ్ళు తగిలితే రొట్టెలా పొంగుతుంది. కోస్తాలో ఉన్నవాళ్ళు దాని జోలికి పోవద్దని నా మాట. పైనా కిందా రెండువైపులా సన్‌మైకా వేయాలి. పైన మాత్రమే వేసి డబ్బు మిగిల్చారనుకోండి, ఒకవైపు తేమ పీల్చుకుని ఒకవైపు పీల్చుకోక బల్ల చేటలా వంగుతుంది. రంగులు, డిజైన్లు వద్దు, మ్యాట్ తెలుపు తీసుకుంటే పెన్సిల్ గీతలు కనబడతాయి. అతికించేటప్పుడు చదునైన నేలమీద ఇటుకలో నీళ్ళ డబ్బాలో బరువు పెట్టి ఒక రాత్రి వదిలేయండి. నేల చదునుగా లేకపోతే బల్ల ఆ నేల ఆకారానికే అతుక్కుంటుంది, రసమట్టం పెట్టి చూసుకోండి.

కొలత 800కి 550 మి.మీ. మీ గదికి చాలు. ఎత్తు మామూలు పనిబల్ల కంటే నాలుగు వేళ్ళు ఎక్కువ పెట్టుకోండి, 90 సెం.మీ. దగ్గర. బిట్టు వంక చూడ్డానికి వంగక్కర్లేదు. కాళ్ళ కింద అడ్డపలక వేసి అక్కడ బరువులు పెట్టండి. ఊగే బల్ల కంటే బల్ల లేకపోవడం మేలు.

రెడీమేడ్ టేబుల్ సంగతి అడిగారు. బల్లకు బిగించే చిన్న అల్యూమినియం టేబుళ్ళు చవకగా వస్తాయి. వాటి ఫెన్సులు సన్నం, నొక్కితే కదులుతాయి, పైతలం ఇరవై అంగుళాలు కూడా ఉండదు. వంటింటి షట్టర్ పట్టె రెండున్నర అడుగులది దానిమీద నిలవదు. పెద్ద కంపెనీల మంచి టేబుల్ ధరకు మీరు టేకు కొనుక్కోవచ్చు. చేసుకోండి. ప్లై ముక్కలు ఫర్నిచర్ చేసేవాళ్ళ దగ్గర మిగిలినవే చవగ్గా దొరుకుతాయి.

ముప్పై ఆరు మి.మీ. మందం బల్లకే నేరుగా రౌటర్ బిగిస్తే బిట్టు పైకి రాదు, అందుకు ప్లేటు. దీనికి నా ఓటు హైలం షీటుకు. కరెంటు ప్యానెల్‌బోర్డులు తయారుచేసేవాళ్ళ దగ్గర గోధుమరంగులో, కాగితం వాసనా బేకలైట్ వాసనా కలిసి ఉంటుంది, అదే. ఆ పేరు మన హైదరాబాద్ కంపెనీదే, ఇప్పుడు ఎవరు తయారుచేసినా దాన్ని హైలం అనే అంటాం. పది మి.మీ. మందం, 235కి 300 మి.మీ. ముక్క సరిపోతుంది. వంగదు, తేమకు ఉబ్బదు, మామూలు డ్రిల్లుతో రంధ్రాలు పడతాయి. దుమ్ము మాత్రం ముక్కులోకి పోనివ్వకండి. అల్యూమినియం ఎనిమిది మి.మీ. ప్లేటు కూడా బాగుంటుంది, విజయవాడ ఆటోనగర్‌లోనో మీ హైదరాబాద్ బాలానగర్‌లోనో లేత్ షాపులో కోయించుకోవచ్చు. లేతరంగు చెక్క మీద నల్లగీతలు పడతాయి, ఎప్పుడూ మైనం పట్టించి ఉంచాలి. ఆక్రిలిక్ అద్దంలా ఉంటుందని చాలామంది వాడతారు. ఆరు మి.మీ. ఆక్రిలిక్ 1300 వాట్ల మెషిను కింద ధనుస్సులా వంగుతుంది, చూస్తూ ఉండగానే.

ప్లేటుకు మెషిను బిగించడం. రౌటర్ అడుగున నల్ల ప్లాస్టిక్ బేసు ఉంటుంది, దాని స్క్రూలు తీసి దాన్నే ప్లేటు మీద రెండువైపుల టేపుతో అంటించి రంధ్రాల గుర్తులు దించుకోండి. స్క్రూ ఒకటి జేబులో వేసుకుని నట్టు బోల్టుల షాపుకు వెళ్ళి, అదే మరతో పది మి.మీ. పొడవు ఎక్కువున్నవి తెచ్చుకోండి. తలలు ప్లేటు తలానికి లోపలికే దిగాలి. గోరుతో తడిమితే తగలకూడదు. మధ్య రంధ్రం ఎంత? పెద్ద బిట్టుకు అరవై మి.మీ. కావాలి, చిన్న బిట్టుకు అంత గొయ్యి ఉంటే సన్నపట్టె ముక్కు అందులో దిగబడి ఎగిరిపోతుంది. దానికి రింగులు అమ్ముతారు. నేను వాటి బదులు మూడు మి.మీ. ప్లై పలక బల్లంత సైజుది కోసి, ఆ బిట్టుకు సరిపడా రంధ్రం చేసి బల్లమీద పరిచి క్లాంపులు వేస్తాను. రంధ్రం పెద్దదైతే కొత్త పలక. బిట్టుకొక పలక, వెనక సైజు రాసి గోడకు వేలాడుతుంటాయి.

బల్లలో ప్లేటు కూర్చునే గుంట చేయడమే మొత్తం పనిలో నిదానంగా చేయాల్సింది. ప్లేటును బల్లమీద పెట్టి చుట్టూ నాలుగు పట్టెలు ఆనించి, సందు లేకుండా బిగించండి. ప్లేటు తీసేస్తే ఆ పట్టెలే అచ్చు. పైన బేరింగున్న బిట్టుతో (ఆ బేరింగు అచ్చును ఆనుకుని దొర్లుతుంది) అచ్చు చుట్టూ మెల్లగా, మూడేసి మి.మీ.లుగా, ప్లేటు మందం కంటే ఒక మి.మీ. ఎక్కువ లోతుకు తోడండి. తర్వాత పన్నెండు మి.మీ. గట్టు వదిలి లోపలిది జిగ్‌సాతో కోసేయండి. ప్లేటు మూలలు ఆ బిట్టు గుండ్రనానికి సరిపోయేలా ఆకురాయితో అరగదీసుకోవాలి. గట్టుమీద మూలకొకటి, పొడవువైపుల మధ్యలో ఒక్కొక్కటి, మొత్తం ఆరు చిన్న స్క్రూలు తలలు పైకి ఉండేలా దించితే అవే ప్లేటుకు పాదాలు. స్క్రూడ్రైవర్‌తో అటూ ఇటూ తిప్పుతూ స్కేలు అంచు నాలుగువైపులా పెట్టి, ప్లేటూ బల్లా ఒకే తలం అయ్యేవరకు సర్దండి. కుడివైపు, అంటే చెక్క వచ్చే వైపు, ప్లేటు వెంట్రుకవాసి కూడా పైకి ఉండొద్దు. పట్టె ముక్కు అక్కడ తట్టుకుని ఆగుతుంది, ఆగినచోట బిట్టు కాల్చి నల్లమచ్చ పెడుతుంది.

లిఫ్టు వద్దు. మొదటి ఏడాది వద్దే వద్దు. అది బిట్టును పైనుంచి తిప్పి లేపే సుఖం, అంతే. మీ ప్లంజ్ రౌటర్‌లో స్ప్రింగులు తీసేస్తే (తీసేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోండి, ఎగురుతాయి), కింద కారు సిజర్ జాకీ పెట్టి లేపుకోవచ్చు. పాత జాకీ స్క్రాపు కొట్లో దొరుకుతుంది. ఎత్తు సరిపోయాక రౌటర్ లాకు బిగించాలి, జాకీ మీద బరువు ఉంచి పని చేయకూడదు. ఎత్తు కొలవడానికి మరో సంగతి: డ్రిల్లు బిట్ల వెనకభాగాలు దాదాపు కచ్చితమైన కొలతలు. ఆరు మి.మీ. ఎత్తు కావాలంటే ఆరు మి.మీ. డ్రిల్లు బిట్లు రెండు రౌటర్ బిట్టుకు చెరోవైపు బల్లమీద పడుకోబెట్టి పైన చిన్న చదును చెక్క ఆనించి, రౌటర్ బిట్టు అంచు చెక్కను తాకేవరకు లేపండి.

ఫెన్సు గురించి చాలామందికి ఒక అపోహ. బల్ల అంచుకు సమాంతరంగా ఉండాలని, దానికి టి-ట్రాకులు, స్కేళ్ళు, పెద్ద ఏర్పాటు. బల్లరంపానికి (టేబుల్ సా) కావాలి అది, అక్కడ బ్లేడుకు పొడవుంది. ఇక్కడ బిట్టు గుండ్రం. ఫెన్సు ఏ వంక ఉన్నా బిట్టు మధ్యనుంచి ఫెన్సుకు దూరం ఒకటే. పట్టె ఫెన్సును ఆనుకుని పోయినంతసేపూ గాడి నిటారుగానే వస్తుంది. కాబట్టి రెండు చివర్లా రెండు క్లాంపులు చాలు. ఇంకో లాభం ఏమిటంటే, ఒక చివర బిగించి రెండో చివర మి.మీ. జరిపితే మధ్యలో ఉన్న బిట్టు దగ్గర అర మి.మీ. మాత్రమే జరుగుతుంది. పెన్సిల్ గీత పెట్టుకుని జరుపుకుంటూ పోతే వెంట్రుకంత సర్దుబాటు, ఖర్చు లేకుండా. మైటర్ గాడి (అడ్డకోతకు జారుడు పట్టీ నడిచే గాడి) తోడుకుని దాన్ని వాడేవాళ్ళకు మాత్రమే సమాంతరం కావాలి. మీరు తోడకండి, బల్ల బలం తగ్గుతుంది. పట్టె చివర్లు కోయడానికి చదరపు ప్లై ముక్క ఒకటి ఫెన్సుకు ఆనించి దానితో తోస్తే సరిపోతుంది, పట్టె వెనకాల చీలికలు లేవకుండా కూడా ఆపుతుంది.

ఫెన్సుకు కావాల్సింది రెండే. నిటారుతనం, బల్లతో తొంభై డిగ్రీలు. పద్దెనిమిది మి.మీ. ప్లై రెండు పలకలు ఎల్ ఆకారంలో, వెనక నాలుగు ముక్కోణపు ఊతాలు. అతికించేటప్పుడు ఊతాలు మూలమట్టానికి సరిగ్గా తొంభై ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ చూసుకోండి. ముందు ముఖం రెండు ముక్కలుగా చేసి బిట్టు దగ్గరికి దూరానికి జరిగేలా పెట్టండి. ఎడమముక్క వెనక ఒక మి.మీ. సన్‌మైకా ముక్క దూర్చి, బిట్టు కోత సరిగ్గా ఎడమ ముఖంతో సమం అయ్యేలా సర్దితే మీ టేబులే జాయింటర్ (అంచులు సాపు చేసే మెషిను) అవుతుంది. వంకర అంచుల టేకు పట్టెకు రెండుసార్లు పోనిస్తే చిత్రిక పట్టినంత సాపు. బలార్షా టేకు అంచులు నేను ఇలాగే చేస్తాను. టేకులో సిలికా ఉంటుంది, బిట్లు త్వరగా మొద్దుబారతాయి. కార్బైడ్ బిట్లు తప్ప వాడకండి, మొద్దుబారిన బిట్టుతో తోసి తోసి పని చేయకండి.

ఫెన్సు వెనక బిట్టు దగ్గర ప్లై పెట్టె ఒకటి కట్టి వాక్యూమ్ గొట్టం దూర్చండి. గొట్టం ఉన్నా మాస్కు వేసుకోవాల్సిందే. చెక్కపొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం మొదటి వర్గంలో చేర్చింది, ఎం.డి.ఎఫ్. పొడిలో ఫార్మాల్డిహైడ్ రెజిన్ అదనం. బల్లకింద మెషిన్ని పెట్టెలో పూర్తిగా మూసేయకండి, దానికి గాలి ఆడాలి. చెవులకు మఫ్లు కొనండి. మేడమీద కాబట్టి పక్కింటివాళ్ళ మధ్యాహ్నం నిద్ర కూడా గుర్తుంచుకోండి, ఆ గొంతు రేకుల కింద ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు నడపడం. పైనుంచి చూస్తే బిట్టు గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది, మీరు ఫెన్సుకు ఎదురుగా నిలబడితే పట్టె ఎప్పుడూ కుడినుంచి ఎడమకే. అలా తోస్తే బిట్టు పట్టెను మీ తోపుకు ఎదురు తోస్తూ ఫెన్సుకు అదుముతుంది. ఎడమనుంచి కుడికి తోస్తే పట్టెను లాక్కుపోతుంది, పట్టెతోపాటు వేళ్ళు కూడా పోతాయి. ఇంకోటి, మొదటి నెలలో ప్రతివాడూ చేసే తప్పు: సన్నపట్టె వెడల్పు తగ్గించడానికి బిట్టుకూ ఫెన్సుకూ మధ్యలోంచి దూర్చడం. అక్కడ బిట్టు పళ్ళు పట్టెతోపాటే నడుస్తాయి. బాణంలా పోతుంది. అంచు కోసేటప్పుడు పట్టె ఎప్పుడూ బిట్టుకు మీవైపే ఉండాలి, బిట్టు సగం ఫెన్సు లోపల దాక్కుని ఉండాలి. గుండ్రపు ముక్కల అంచులు బేరింగు బిట్టుతో చేసేటప్పుడు ఫెన్సు తీసేస్తాం కాబట్టి, ప్లేటు మీద బిట్టుకు రెండంగుళాల దూరంలో మేకులాంటి ఊతపిన్ను ఒకటి ఉండాలి. ముక్కను ముందు పిన్నుకు ఆనించి, మెల్లగా బిట్టు మీదికి వాల్చాలి.

వేగం. చిన్న బిట్టుకు నిండు వేగం, పెద్ద బిట్టుకు తక్కువ. పాతిక మి.మీ. లోపు వ్యాసానికి 22–24 వేల చుట్లు ఫరవాలేదు. యాభై దగ్గరకు 18 వేలు, డెబ్బై అయిదు దాటితే 12 వేలు మించొద్దు. ఎందుకో లెక్క చూడండి. 75 మి.మీ. బిట్టును 24 వేలకు తిప్పితే దాని అంచు సెకనుకు 94 మీటర్లు పోతుంది, అంటే గంటకు 339 కిలోమీటర్లు. దాన్నే 12 వేలకు తిప్పితే అందులో సగం. ఉబ్బెత్తు ప్యానెళ్ళకు అమ్మే పెద్ద బిట్టు మీ 1300 వాట్లకు మోయలేని భారం, పూజామందిరం తలుపులకు అది చూసి మురిసిపోకండి. నిలువు ప్యానెల్ బిట్టు అని ఒకటుంది, వ్యాసం చిన్నది, ఎత్తైన ఫెన్సు కట్టి పట్టెను నిలబెట్టి పోనివ్వాలి. అదీ మూడు నాలుగు విడతల్లో.

షట్టర్ ఫ్రేములకు ఒక చిట్కా చెప్పి ఆపుతాను, మీరు మొదట చేసే పని అదే కాబట్టి. షాపులో ఆరు మి.మీ. ప్లై అని ఇచ్చేది కొలిస్తే తరచూ ఆరు ఉండదు, తక్కువే. ఆరు మి.మీ. బిట్టుతో గాడి కొడితే ప్యానెల్ లొడలొడ కొట్టుకుంటుంది. నాలుగు మి.మీ. స్ట్రెయిట్ బిట్టు పెట్టి, బిట్టు పట్టె మందం నడిమధ్యకు కొంచెం మీవైపు పడేలా ఫెన్సు సర్ది, ఒకసారి పోనివ్వండి. తర్వాత పట్టెను అటుచివర ఇటు చేసి, రెండో ముఖం ఫెన్సుకు ఆనేలా తిప్పి మళ్ళీ పోనివ్వండి. గాడి ఎంత వెడల్పైనా కచ్చితంగా పట్టె నడిమధ్యలోనే పడుతుంది, కొలవక్కర్లేదు. ముందు పనికిరాని ముక్కమీద చేసి ప్లై దూర్చి చూడండి. వదులైతే ఫెన్సును బిట్టుకు కొంచెం దగ్గరికి, బిగువైతే కొంచెం దూరానికి. నాలుగు మి.మీ. బిట్టు సన్నం, విరుగుతుంది, కాబట్టి ఒక్కో విడతకు రెండు మి.మీ. లోతుకు మించొద్దు. గాడి లోతు తొమ్మిది పది మి.మీ. కావాలి, ఆ లెక్కన ఐదు విడతలు. ఒక లోతు పెట్టాక అన్ని పట్టెలూ ఆ లోతుకు రెండువైపులా పూర్తిచేసి, అప్పుడు బిట్టు లేపండి. ప్రతిసారీ లేపేముందు ప్లగ్గు పీకండి. స్టార్టర్ ఉన్నా సరే.